ఫిబ్రవరి ధర ఆగస్టు మట్టిలోనే తేలిపోతుంది

(హ్యూస్టన్‌లో జరిగిన ఒక తెలుగు సమావేశంలో, లూసియానా వరి, క్రాఫిష్ రైతులతో కలిసి పనిచేసే వ్యవసాయ సలహాదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చలి తగ్గితే చాలు, హ్యూస్టన్‌లో ప్రతి వారాంతం ఎవరో ఒకరి పెరట్లో, రొయ్యకు బంధువైన మంచినీటి జీవి క్రాఫిష్‌ను ఉడికించే గంగాళం పొయ్యి మీదకు ఎక్కుతుంది. మన ఇళ్లలో కూడా ఈ అలవాటు బాగా పెరిగింది. బస్తా తెచ్చుకోవడం, బంధుమిత్రులను పిలుచుకోవడం, బల్ల మీద వార్తాపత్రికలు పరిచి మొక్కజొన్న పొత్తులతో, బంగాళదుంపలతో కలిపి కుమ్మరించడం, ఇవన్నీ మీకు తెలిసినవే. కేజన్ మసాలా బాగుంటుందా, వెల్లుల్లి, వెన్న దట్టంగా పట్టించే వియత్నామీ పద్ధతి బాగుంటుందా అనేది మీరే తేల్చుకోండి. నన్ను మాట్లాడమన్నది ధర గురించి. ఒక ఏడాది పౌను మూడు నాలుగు డాలర్లకు దొరికిన క్రాఫిష్ మరో ఏడాది పది డాలర్లు ఎందుకవుతుంది? ఒకే ఏడాదిలో జనవరికీ మే నెలకూ అంత తేడా ఎందుకు?

2024 జనవరి, ఫిబ్రవరి నెలలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. బతికున్న క్రాఫిష్ కొన్ని చోట్ల పౌను పది డాలర్లు దాటింది. ఉడికించినదైతే ఇంకా ఎక్కువ. కొన్ని దుకాణాలు అసలు అమ్మకమే మొదలుపెట్టలేదు. ఆ రోజుల్లో నేను తరచూ విన్న మాట ఏమిటంటే, "రైతులూ దళారులూ కుమ్మక్కై దోచుకుంటున్నారు" అని. ఆ మాట నాకు చాలా కష్టం కలిగించింది. ఆ నెలల్లో నేను చూసిన రైతులు ఎర పెట్టి నీటిలో ఉంచిన వంద బుట్టలు ఎత్తితే గుప్పెడు క్రాఫిష్ వచ్చేది. పడవకు పోసిన డీజిల్ ఖర్చుకు కూడా అది చాలేది కాదు. ధర ఆకాశంలో ఉంది, అమ్మడానికి సరుకు లేదు. అందుకే ఈ సంగతి మొదటి నుంచీ చెప్పాలని వచ్చాను.

అమెరికాలో పండే క్రాఫిష్‌లో దాదాపు పది వంతుల్లో తొమ్మిది వంతులు లూసియానాదే. అందులో ఎక్కువ భాగం నైరుతి లూసియానాలోని వరి పొలాల నుంచి వస్తుంది. ఇక్కడి నుంచి పదో నంబరు రహదారి మీద తూర్పుగా వెళితే అకేడియా, జెఫర్సన్ డేవిస్, వెర్మిలియన్, సెయింట్ లాండ్రీ, ఎవాంజలిన్ అనే ప్రాంతాలు వస్తాయి. లూసియానాలో జిల్లాలను పారిష్‌లు అంటారు. అదంతా చదునైన బంకమట్టి నేల, నీరు పట్టి నిలుపుకొనే నేల. గోదావరి డెల్టా నుంచి వచ్చినవారికి ఆ పొలాలు, గట్లు, కాలువలు చూస్తే కొత్తగా అనిపించదు.

అక్కడ ఒకే మడిలో వరి, క్రాఫిష్ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వరి వేస్తారు. వరి నిలదొక్కుకుని నీరు నిలిచాక, జూన్ ప్రాంతంలో తల్లి క్రాఫిష్‌ను మడిలో వదులుతారు. కోతకు ముందు నీరు తీసేస్తారు. నీరు తగ్గుతున్న కొద్దీ అవి గట్ల పక్కన మట్టిలోకి కలుగులు తవ్వుకుని దిగిపోతాయి. రెండు మూడు అడుగుల లోతు ఉంటుంది కలుగు. పైన మట్టితో మూత వేసుకుంటాయి. వరి కోసేస్తారు, యంత్రాలు పైన తిరుగుతాయి, కింద అవి ఉంటాయి. ఆ చీకట్లోనే ఆడవి వందల గుడ్లు పెట్టి తోక కింద అంటించుకుని మోస్తాయి. పిల్లలు కూడా కొంతకాలం తల్లి తోకనే పట్టుకుని ఉంటాయి. అక్టోబరులో రైతు మళ్లీ మడికి నీరు పెడతాడు. మట్టి మూత మెత్తబడి తల్లి పిల్లలతో బయటకు వస్తుంది. వరి మోళ్లు, వాటి నుంచి వచ్చే పిలకలు నీటిలో కుళ్లి, వాటి మీద పెరిగే సూక్ష్మజీవులు, పురుగులు క్రాఫిష్‌కు మేత అవుతాయి. మన రొయ్యల చెరువుల్లో లాగా బస్తాల కొద్దీ దాణా వేయరు. హేచరీ నుంచి పిల్లను కొని తేవడం కూడా ఉండదు. ఒకసారి వదిలిన మడిలో తర్వాతి ఏళ్లకు విత్తనం ఆ మట్టిలోనే తయారవుతుంది.

ఇదే ఈ పంట బలం. బలహీనత కూడా ఇక్కడే ఉంది. రొయ్యల రైతుకు ఒక పంట పోతే నెల తిరగకుండా మళ్లీ పిల్ల తెచ్చి వదలవచ్చు. క్రాఫిష్ రైతుకు ఆ అవకాశం లేదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కలుగులో తల్లి చనిపోతే ఫిబ్రవరిలో పట్టడానికి ఏమీ ఉండదు. పైగా అది చనిపోయిన సంగతి ఎవరికీ కనిపించదు. మడికి నీరు పెట్టి, బుట్టలు వేసి, ఖర్చంతా పెట్టాక బుట్ట ఎత్తితేనే తెలుస్తుంది.

2023 వేసవిలో సరిగ్గా ఇదే జరిగింది. లూసియానా చరిత్రలో నమోదైన వేసవుల్లోకెల్లా వేడిది అది. నైరుతి ప్రాంతంలో వారాల తరబడి చినుకు లేదు. ఆ ఆగస్టులో బోరిగార్డ్ పారిష్‌లో టైగర్ ఐలాండ్ పేరుతో కార్చిచ్చు లేచి ముప్పై వేల ఎకరాలకు పైగా కాల్చింది. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. బురద నేలలకు పేరుపడ్డ లూసియానాలో అడవి అలా తగలబడిందంటే నేల ఎంత ఎండిందో ఊహించండి. మిసిసిపి నదిలో నీరు తగ్గిపోయి సముద్రపు ఉప్పునీరు న్యూ ఆర్లీన్స్ వైపు ఎగదన్నింది. తీరానికి దగ్గరి పొలాల్లో కాలువ నీరు పెట్టాలన్నా ఉప్పు భయం.

క్రాఫిష్‌కు ఊపిరి మొప్పలతోనే. కలుగు అడుగున కాస్త తడి ఉంటే చాలు, ఆ తడి గాలిలో నెలల పాటు బతకగలదు. ఆ తడి కూడా ఆరిపోతే బతకదు. 2023లో బంకమట్టి నెర్రెలు విచ్చింది. నెర్రెలు కలుగుల దాకా దిగి, లోపలి తడిని లాగేశాయి. కొందరు రైతులు కలుగులు తవ్వి చూశారు. కొన్నిటిలో ఎండిన పెంకులు దొరికాయి. బతికినవి కూడా బలహీనపడి గుడ్లు ఆలస్యంగా పెట్టాయి. ఇక చాలామంది నీళ్లు లేక అక్టోబరులో పెట్టాల్సిన నీరు ఆలస్యం చేశారు. పిల్ల బయటకు రావడమే ఆలస్యమైతే అది పెరిగి బుట్టలో పడడం ఇంకా ఆలస్యం. దాని మీద 2024 జనవరి మధ్యలో గడ్డకట్టే చలి వచ్చింది.

మార్చి 6న గవర్నర్ జెఫ్ లాండ్రీ క్రాఫిష్ పరిశ్రమకు విపత్తు ప్రకటించారు. రాష్ట్రంలోని 3,65,000 ఎకరాల క్రాఫిష్ సాగు అంతా దెబ్బతిన్నదని ఆ ప్రకటనలో చెప్పారు. తుపాను వస్తే విపత్తు అని అందరికీ అర్థమవుతుంది, ఇళ్ల కప్పులు ఎగిరిపోతాయి, చెట్లు కూలుతాయి. ఈ విపత్తు మాత్రం నెలల ముందే భూమి లోపల జరిగిపోయింది. బయటి ప్రపంచానికి అది కొట్టులో ధర బోర్డు మీద మాత్రమే కనిపించింది.

ఇప్పుడు దీన్ని మరుసటి ఏడాదితో పోల్చి చూడండి. 2025 జనవరి 21న అమెరికా దక్షిణాన ఉన్న గల్ఫ్ తీరంలో ఎన్నడూ లేనంత మంచు పడింది. ఇక్కడ హ్యూస్టన్‌లో కూడా పడింది, మన పిల్లలు వీధుల్లో ఆడుకున్నారు. న్యూ ఆర్లీన్స్ విమానాశ్రయంలో 8 అంగుళాల మంచు నమోదైంది. క్రాఫిష్ మడుల మీద మంచు పలక కట్టింది. పడవలు కదలలేదు. చాలామంది "మళ్లీ పోయిన ఏడాదే" అనుకున్నారు. అలా కాలేదు. కొద్ది వారాల్లో ఎండ రాగానే బుట్టలు నిండడం మొదలైంది, ధర దిగింది, ఆ సీజను మొత్తం మీద ముందటి ఏడాది కంటే ఎంతో నయంగా నడిచింది.

కరువూ చలీ రెండూ ధర పెంచేవే. అయితే కరువు క్రాఫిష్‌ను చంపుతుంది, చలి ఆపుతుంది. నీటి వేడి 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ దగ్గరకు పడిపోతే క్రాఫిష్ మడి అడుగున కదలకుండా పడి ఉంటుంది. మేత వెతకదు, కాబట్టి ఎర ఉన్న బుట్టలోకి రాదు. పెంకు విడవడం కూడా ఆగిపోతుంది, పెంకు విడవకపోతే ఎదుగుదల లేదు. నీరు 70 ఫారెన్‌హీట్ దాటితే అదే క్రాఫిష్ ఆకలితో తిరుగుతుంది, త్వరత్వరగా పెంకు విడిచి పెరుగుతుంది. అంటే చలి వల్ల వచ్చిన ధర వాయిదా పడిన సరుకు ధర, ఎండ రాగానే దిగుతుంది. కరువు వల్ల వచ్చిన ధర లేని సరుకు ధర. అది వసంతం దాకా దిగదు, దిగినా మామూలు స్థాయికి రాదు. 2024లో ఏప్రిల్ చివరికి ధర జనవరితో పోలిస్తే దాదాపు సగమైంది, అయినా అంతకుముందు ఏళ్లలో ఆ నెలలో ఉండే ధర కంటే ఎక్కువే. మీరు జనవరిలో బోర్డు మీద పెద్ద అంకె చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: క్రాఫిష్ లేదా, ఉండి కదలడం లేదా?

వాన ఎక్కువైతే అంతా మంచిదే అనుకోకండి. శరదృతువులో మంచి వానలు పడితే తల్లులన్నీ బతుకుతాయి, పిల్ల విపరీతంగా వస్తుంది. మడి కిక్కిరిసిపోతే మేత చాలక అన్నీ చిన్నగానే ఆగిపోతాయి. రొయ్యల ధర కౌంట్ మీద, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క మీద, ఎలా ఆధారపడుతుందో భీమవరం, నెల్లూరు వైపు వారికి వేరే చెప్పక్కరలేదు. ఇక్కడ కూడా అంతే. పెద్దవి రెస్టారెంట్లకు, పెరటి విందులకు బతికుండగా మంచి ధరకు పోతాయి. చిన్నవి తోక మాంసం తీసే కర్మాగారాలకు తక్కువ ధరకు పోతాయి. ఆరేడు పౌన్ల క్రాఫిష్ ఒలిస్తే ఒక పౌను మాంసం వస్తుంది, కాబట్టి కర్మాగారం ఎక్కువ ఇవ్వలేదు. ఇంకొకటి, ఇంకా వేడిగా ఉండగా తొందరపడి నీరు పెడితే వరి గడ్డి ఒక్కసారిగా కుళ్లి నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. లేత పిల్లలు చనిపోతాయి. అందుకే అక్టోబరు మొదటి వారాల్లో ప్రతి రైతూ ఆకాశం వైపూ థర్మామీటరు వైపూ చూస్తూ ఉంటాడు.

పొలాల సంగతి ఇది. దక్షిణ లూసియానాలోని అచాఫలాయా నది చిత్తడి అడవిలో సహజంగా పెరిగే క్రాఫిష్ లెక్క వేరు. మిసిసిపి, రెడ్ నదుల మొత్తం నీటిలో 30 శాతాన్ని ఓల్డ్ రివర్ దగ్గర కట్టిన నియంత్రణ కట్టడాల ద్వారా అచాఫలాయాలోకి వదులుతారు. కాబట్టి అక్కడి క్రాఫిష్‌కు ముఖ్యమైన వాన లూసియానాలో పడేది కాదు. ఒహాయో లోయలో పడే వాన, ఉత్తరాన కరిగే మంచు వసంతంలో వరదై దిగి వచ్చి అడవిని ముంచాలి. వరద బాగా వచ్చి నిలిచిన ఏడాది ఏప్రిల్, మే నెలల్లో అడవి సరుకు పొలాల సరుకు మీదకు వచ్చి పడుతుంది, ధర ఒక్కసారిగా జారుతుంది. వరద రాని ఏడాది అడవి నుంచి వచ్చేది అంతంత మాత్రమే. సీజను చివర్లో ధర ఎంత దిగుతుందో చెప్పాలంటే నేను ముందు నది మట్టం చూస్తాను.

సరఫరా ఇలా ఉంటే, గిరాకీ తన పంచాంగం తాను చూసుకుంటుంది. దక్షిణ లూసియానా కేథలిక్కుల నేల. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలమైన లెంట్ దినాల్లో శుక్రవారాలు మాంసం తినరు, చేపలు, క్రాఫిష్ తింటారు. గుడ్ ఫ్రైడే నాడు కుటుంబమంతా చేరి క్రాఫిష్ ఉడికించుకోవడం అక్కడ తరాలుగా వస్తున్న ఆచారం. ఆ వారంలో గిరాకీ పతాక స్థాయిలో ఉంటుంది. ఈస్టర్ మన ఉగాది లాగే చంద్రుడి లెక్కతో కదిలే పండుగ. మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎప్పుడైనా రావచ్చు. క్రాఫిష్ మాత్రం సూర్యుడి లెక్కలో, నీరు వేడెక్కినప్పుడే కదులుతుంది. ఈ రెండు లెక్కలూ కలిసిన ఏడాది ధర నిదానంగా ఉంటుంది, కలవని ఏడాది మండుతుంది. 2024లో ఈస్టర్ మార్చి 31. కరువుతో కుంటుతున్న సరఫరా కోలుకోకముందే పండుగ వచ్చేసింది. 2025లో ఏప్రిల్ 20. మడులు వేడెక్కి బుట్టలు నిండే రోజులు. మంచు పడిన ఏడాది జనం భయపడినంత భారం కాకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంత ఊగిసలాటకు మూలం, బతికున్న క్రాఫిష్‌ను నిల్వ చేయలేకపోవడం. తడి గోనె పట్టాల కింద, చల్లని గదిలో కొన్ని రోజులు నిలుస్తుంది, అంతే. చనిపోయినదాన్ని ఎవరూ ఉడికించరు. బియ్యానికి గోదాం ఉంది, మన రొయ్యకు శీతల గిడ్డంగి ఉంది. బతికున్న క్రాఫిష్‌కు ఏదీ లేదు. నిన్నటి రాత్రి చలి ఈరోజు ధరలో కనబడుతుంది, శనివారం ధర మంగళవారం ఉండదు. ఏ దుకాణంలో ఏ రోజు ఎంత ఉందో చూపించే ఫోను యాప్‌లు లూసియానాలో, టెక్సస్‌లో అంతగా వాడుకలోకి రావడానికి కారణం ఇదే.

చైనాలో ఇదే జాతి క్రాఫిష్‌ను ఏటా 20 లక్షల టన్నులకు పైగా పెంచుతున్నారు, అది కూడా చాలావరకు వరి పొలాల్లోనే. అది లూసియానా నుంచి జపాను మీదుగా వెళ్లిన జాతి. మరి ఆ సరుకు వచ్చి ఇక్కడి ధర దించదా అని అడుగుతారు. ఒలిచి గడ్డకట్టించిన తోక మాంసంగా వస్తుంది, ఆ మార్కెట్టును 1990లలోనే ముంచెత్తింది కూడా. 1997లో అమెరికా ప్రభుత్వం దాని మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవకగా తెచ్చి కుమ్మరించే సరుకును అడ్డుకునే సుంకం, వేసింది. ఇప్పటికీ మీరు దుకాణంలో కొనే గడ్డకట్టిన మాంసం ప్యాకెట్టు వెనక చైనా పేరు ఉండవచ్చు. మన పెరటి గంగాళంలోకి వచ్చే బతికున్న సరుకుకు మాత్రం అది పోటీ కాదు. ఇక్కడే ఆంధ్ర రొయ్యల రైతుకూ అకేడియా క్రాఫిష్ రైతుకూ ఉన్న తేడా కనబడుతుంది. గోదావరి జిల్లాల రొయ్య గడ్డకట్టి ఓడ ఎక్కుతుంది, కాబట్టి దాని ధర వాషింగ్టన్‌లో తీసుకునే నిర్ణయంతో మారిపోతుంది. 2025 ఆగస్టులో భారత సరుకు మీద సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు దాని దెబ్బ చెరువు గట్టు దాకా వెళ్లింది. క్రాఫిష్ రైతుకు ఆ భయం తక్కువ, కానీ సొంత పొలంలో కురవని వాన నుంచి అతన్ని కాపాడే మార్కెట్టు ఏదీ లేదు. తెల్లమచ్చ వైరస్ మాత్రం ఇద్దరినీ వదల్లేదు. మన తీరంలో 1990ల మధ్యలో చెరువులను తుడిచిపెట్టిన ఆ జబ్బు 2007లో లూసియానా క్రాఫిష్ మడుల్లో కూడా బయటపడింది.

ఇక రైతు చేతికి ఏమి వస్తుందో చెప్పాలి. మీరు చెల్లించే ధరలో రైతు, కొనుగోలుదారు, లారీ, దుకాణం, వండి అమ్మితే వంటవాడు, అందరూ ఉన్నారు. రైతు ఖర్చులో పెద్దది ఎర. పోగీ, షాడ్ అనే చేపలను ముక్కలు చేసి వేస్తారు, నీరు వేడెక్కాక తయారుచేసిన బిళ్లలు వేస్తారు. బుట్టలో పది పడినా వంద పడినా ఎర అంతే, డీజిల్ అంతే, కూలీ అంతే. సీజను కోసం మెక్సికో నుంచి వీసా మీద వచ్చే పనివారికి బస, ప్రయాణం ముందే పెట్టుకోవాలి. కాబట్టి జనవరిలో ధర పది డాలర్లున్నా పడేది గుప్పెడైతే నష్టమే. మే నెలలో బుట్టలు పొంగిపొర్లుతాయి, అప్పుడు ధర ఎర ఖర్చును అందుకునే స్థితికి దిగిపోతుంది, పైగా వ్యాపారి "ఈరోజు ఇరవై బస్తాలే తెండి, అంతకు మించి తీసుకోలేను" అంటాడు. 2020 మార్చిలో కరోనా వచ్చి రెస్టారెంట్లు మూతపడినప్పుడు ఇది మరీ ఘోరంగా జరిగింది. మడుల నిండా సరుకు, సీజను నడిబొడ్డు, కొనేవారు లేరు. క్రాఫిష్ ఆగదు, వరి వేయాల్సిన మడి ఆగదు. నీరు తీసేయాల్సి వచ్చింది.

ఈ మాటలు విన్నాక మీరు చేయగలిగిన పని కూడా చెబుతాను. సీజను మొదట్లో కొనకుండా ఉండండి అని నేను అనను, జనవరిలో కొనేవారు ఉండబట్టే రైతు చలిలో పడవ ఎక్కుతున్నాడు. కానీ పెద్ద విందు పెట్టుకునేవారు ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా పెట్టుకోండి. మీకు ధర తగ్గుతుంది, క్రాఫిష్ పెద్దదిగా, పెంకు కాస్త గట్టిగా, మాంసం నిండుగా ఉంటుంది. రైతుకు సరుకు పోయే దారి అత్యవసరమైన రోజులు కూడా అవే. గుడ్ ఫ్రైడే మరుసటి వారం నాకు ఎప్పుడూ మంచి అదను అనిపిస్తుంది. గిరాకీ ఒక్కసారిగా పడిపోతుంది, సరఫరా మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

వచ్చే సీజను ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే జనవరిలో ధర బోర్డు చూసే ముందు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా లూసియానా వరి ప్రాంతంలోని క్రౌలీ, రేన్, లఫాయెట్ పట్టణాల చుట్టూ ఎంత వాన పడిందో చూడండి. నవంబరు, డిసెంబరు నెలల్లో చలి ఎంత తొందరగా దిగిందో చూడండి. 2027లో ఈస్టర్ మార్చి 28న వస్తుంది, బాగా ముందు. ఆ శీతాకాలం వెచ్చగా నడిస్తే తప్ప ఆ గుడ్ ఫ్రైడేకు ధర గట్టిగానే ఉంటుందని నా అంచనా. అప్పటికి బస్తా కావాలనుకునేవారు మీకు తెలిసిన వ్యాపారికి రెండు మూడు వారాల ముందే చెప్పి పెట్టుకోండి.

నా మాటలు ఇంతే. కలుగుల గురించి, ధరల గురించి ప్రశ్నలుంటే అడగండి, తెలిసినంత చెబుతాను.